టేసను పువ్వు

అరకు మంచుకి అక్టోబరు వచ్చిందంటే ఎక్కడలేని బద్ధకం పట్టుకుంటుంది. తెల్లారినా లేవదు, ఎండొచ్చినా కదలదు. వలిసె చేల మీద కాళ్ళు బారజాపుకుని పడుకుంటుంది. దాని కింద ఎక్కడో ఆ వలిసె పూల పసుపంతా ఉంటుంది. ఫోటోల కోసం విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళు గట్ల మీద నిలబడి, చేతులు రుద్దుకుంటూ, అది ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటారు. రమణికి మాత్రం అది లేవకముందే పని. పువ్వుని మంచులోనే కోయాలి. ఎండ తగిలాక కోస్తే బస్సు ఘాటు దిగేలోపు తల వాల్చేస్తుంది.

ఆమె మడి పెద్దదేం కాదు. ఇంటి వెనక కాఫీ చెట్లకీ పారే గెడ్డకీ మధ్య చిక్కుకున్న చిన్న చెక్క. అందులోనే చామంతులు, కోడిజుట్టు పూలు, గ్లాడియోలస్ కర్రలు, గట్టు పొడుగునా బంతి. పట్నంలో అనురాధ అని ఒకావిడ ఉంది, హోటళ్ళకీ పెళ్ళిళ్ళకీ పూలు అమర్చి పెడుతుంది. ఆవిడకి శరదృతువంటే పిచ్చి. ఇటుక రంగు, తేనె రంగు, తుప్పు రంగు పూలు కనిపిస్తే చాలు, తిండి కూడా మరిచిపోతుంది. రమణి కోసిన పూలన్నీ బకెట్లలో నిలబడి ఆవిడ దగ్గరికే వెళతాయి.

రమణి కోస్తూ కోస్తూ కంచె దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ ఒక చాలు ఖాళీగా ఉంది. మట్టి తవ్వి, ఎరువు కలిపి, ఊతానికి వెదురు కర్రలు కూడా పాతి ఉన్నాయి. మొక్క మాత్రం లేదు. జూన్ నుంచీ ఆ కర్రలు అలాగే ఉన్నాయి. పీకెయ్యమని మొగుడు ధర్మ చాలాసార్లు చెప్పాడు. ఆమె పీకలేదు, ఇంకేదీ నాటలేదు. నవంబరు రెండు, సమాధుల పండగ, దగ్గరికొస్తోంది. ఆ రోజుకి ఆ చాల్లో ఒక పువ్వు పూసి ఉండాలి. తల్లికి మాటిచ్చింది మరి.

తల్లి పేరు సోములమ్మ. ఘాటు రైలు దారిలో, సొరంగాల మధ్య నక్కినట్టుండే ఒక చిన్న స్టేషన్లో ఊడ్చే పని చేసేది. అక్కడి స్టేషన్ మాస్టరు భార్య మైదానం మనిషి. చలికి ఓర్చుకోలేక ఏడాదంతా స్వెట్టరు తొడుక్కుని, ఊసుపోక ప్లాట్‌ఫారం చివర తోట పెంచింది. ఆ తోటలో ఒక పువ్వు పూసేది, అరచేయంత. ఎరుపంటే ఎరుపు కాదు, నలుపంటే నలుపు కాదు. చెట్టు మీదే మాగిపోయిన కాఫీ పండు ఉంటుందే, ఆ రంగు. వాళ్ళకి బదిలీ అయినప్పుడు ఆవిడ సోములమ్మని పిలిచి, "నేను వెళ్ళే చోట ఎండలు సోములూ, ఇది బతకదు. నువ్వు పెంచుకో" అని దుంపలు తవ్వి ఒళ్ళో పోసింది. పేరు కూడా చెప్పే ఉంటుంది. సోములమ్మకి అది నోరు తిరగలేదు. టేసను నుంచి వచ్చింది కాబట్టి టేసను పువ్వు అంది. ఊరంతా అదే అంది.

అది దాలియా అని రమణికి తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, అనురాధ చెబితే. పేరు తెలిసింది కదా అని ఆ పువ్వులో ఏం మారలేదు.

సోములమ్మ చెయ్యి పెద్దది. ఇంటికి ఎవరొచ్చినా పనసపండో గుమ్మడికాయో పట్టుకుని వెళ్ళాల్సిందే. ఆ దుంప దగ్గర మాత్రం పరమ పీనాసి. పువ్వడిగితే ఇచ్చేది, దుంపడిగితే చెవుడొచ్చేది. దానికీ కారణం ఉంది. ఆ మొక్క గింజ వేస్తే ఏ రంగు పూస్తుందో దేవుడికే తెలియాలి. ఒకసారి వేసి చూస్తే వెలిసిపోయిన చీర రంగులో ఏదో పూసింది. ఆ రంగే కావాలంటే ఆ దుంపే ఉండాలి. అందుకని చలికి ఆకులు మాడిపోగానే దుంపలు తవ్వి, బూడిద జల్లి, బుట్టలో పెట్టి అటకెక్కించేది. తొలకరికి దించి నాటేది. దసరా వెళ్ళేసరికి కొప్పులో పువ్వు పెట్టుకుని, చర్చిలో ముందు వరసలో కూర్చునేది. ఫాదరుగారు ప్రసంగం మధ్యలో ఆ పువ్వుని చూసి తడబడతారని ఆవిడ గట్టి నమ్మకం.

కిందటి చలికాలం ఆవిడకి రొమ్ము జలుబు పట్టి, మంచం దిగలేదు. ఒక సాయంత్రం రమణి చెయ్యి పట్టుకుని అడిగింది.

"సమాధుల పండగకి నా మీద బంతిపూలు ఎయ్యొద్దే గుంటా. బంతిపూలు అందరికీ ఏత్తారు. నాకు టేసను పువ్వు పెట్టు. ఒక్కటి సాలు. మొదటి యేడు మాత్రం మరిసిపోకు. అంతమంది సచ్చినోల్లలో నన్ను గురుతు పట్టాలి గదా."

రమణి సరే అంది. ఆ మాట అన్నప్పుడు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. తల్లి కూడా నవ్వింది. ఆవిడ పోయాక పాత ఇల్లు పడగొట్టి కాలనీ ఇల్లు కట్టుకుంటానని తమ్ముడన్నాడు. రమణి పరుగున వెళ్ళి పెరట్లో ఒక్క దుంప మిగలకుండా తవ్వి తెచ్చుకుంది. తల్లి చేసినట్టే బూడిద జల్లి, బుట్టలో పెట్టి, తన ఇంటి అటక మీద దాచింది. ఆ పాత స్టేషన్ తోట ఎప్పుడో పోయింది. దాని మీద ప్లాట్‌ఫారం పెంచి సిమెంటు పోసేశారు. అంటే ఈ లోకంలో ఆ రంగంతా ఇప్పుడు ఆ ఒక్క బుట్టలోనే ఉంది.

ఇక రమణి అత్త యర్రమ్మ. చర్చి గడప ఎన్నడూ తొక్కని మనిషి. ఊరి పైన తోపులో కొండదేవత జాకరమ్మ రాళ్ళున్నాయి, ఆవిడకి అవే లోకం. ఈ కొండల్లో ఇది వింతేం కాదు, ఒకే చూరు కింద సిలువ ఒక గోడకి, జాకరమ్మ పసుపు గుడ్డ ఒక గోడకి ఉంటాయి. సోములమ్మ, యర్రమ్మ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ, అరుగు మీద పక్కపక్కన కూర్చుని అడ్డపొగ కాల్చేవారు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కూడా ఇద్దరూ కబుర్లు ఆపేవారు కాదు. "మీ దేవుడు పున్నెం ఇత్తాడు గానీ వర్సం ఇయ్యడు గదా వదినా" అని ఈవిడంటే, "మీ జాకరమ్మ కోడి లేందే మాటాడదు గదా వదినా" అని ఆవిడనేది.

యర్రమ్మకి ఒక నియమం ఉంది. నియమమంటే అది ఆవిడ ఒక్కదానిదీ కాదు, ఊరందరిదీ. చిక్కుడుకాయ గానీ, సామలు గానీ, మామిడికాయ గానీ, ఆ ఏటి కొత్తది ఏదైనా ముందు జాకరమ్మకి పెట్టాకే నోట పెట్టాలి. దాన్ని కొత్త పెట్టడం అంటారు. మిగతావాళ్ళు పండగ రోజుకి చేస్తారు. యర్రమ్మ దుంపకీ దూడకీ కూడా చేస్తుంది.

జూన్ మొదట్లో అనురాధ పిలిస్తే పూల అమరిక నేర్చుకోవడానికి రమణి విశాఖ వెళ్ళింది. అటక మీద బుట్ట సంగతి అత్తకి చెప్పమని ధర్మకి చెప్పింది. ధర్మ గుహల దగ్గర టూరిస్టులకి జీపు తోలుతాడు. ఆ రోజు జీపు నిండా జనం, సంగతి గాలికి పోయింది. ఇంతలో వానలకి కొండచరియ విరిగి దారి మూసుకుంది. రేషను డిపో బియ్యం రాలేదు. చోడి నారు నాటడానికి చుట్టాలు వచ్చి అరుగు నిండా కూర్చున్నారు. యర్రమ్మ ఏం పెట్టాలా అని ఇల్లంతా వెతికి అటక ఎక్కింది. బూడిద జల్లిన దుంపల బుట్ట కనిపించింది. నాగలి దుంపలు గానీ పెండలం గానీ తిండికి దాచేది అచ్చం అలాగే, బూడిదలోనే, అటక మీదే. ఈ ఇంట్లో పువ్వుని అటకెక్కించినవాళ్ళు ఎవరూ లేరు. అందుకని ఆవిడ కడిగింది, తలలు విరిచి పందికి వేసింది, ఉడకబెట్టింది, ఉప్పూ మిరపకాయా నూరి అందరికీ వడ్డించింది.

రమణి దారి తెరిచాక వచ్చింది. అటక మీద ఖాళీ బుట్ట చూసి కిందికి దిగి, "అత్తా, ఇందులో దుంపలేయి?" అని అడిగింది.

"అయ్యా? తలలు పందికేసి, ఉడకేసి పెట్టేసాను. నాట్లకి జనాలొచ్చారు గదా. సప్పగా ఉన్నాయే, ఏటి దుంపలో గానీ. ఎక్కడివి?"

రమణి బుట్ట అక్కడే పడేసింది. పందుల దొడ్లోకి వెళ్ళి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో వెతికింది. ఒక్క తలైనా, చిగురొచ్చే కన్ను ఒక్కటైనా దొరుకుతుందేమోనని. ఏమీ దొరకలేదు. పంది మాత్రం ఆమెని ఎగాదిగా చూసింది.

ఆ దుంపలు ఎవరివో ధర్మ చెప్పేసరికి యర్రమ్మ అరుగు మీద కూలబడిపోయింది. ఆ రోజు నుంచి రమణి ఆవిడని అత్తా అని పిలవడం మానేసింది. తిట్టలేదు, ఏడవలేదు, అన్నం పెట్టడం మానలేదు. "మీ అమ్మ తింటదేమో అడుగు" అని మొగుడితో చెప్పేది, ఆవిడ ఎదురుగానే. ముసలిదాని మీద జాలి లేక కాదు. ఆ పిలుపు నోటికి వచ్చేది కాదు.

వానలు వెళ్ళాయి. ఆకాశం కడిగి ఆరేసినట్టు తేటపడింది. వలిసె పూసింది. చామంతులు మొగ్గ తొడిగాయి. రమణికి ఆ రోజుల్లో మెలకువకీ కలకీ మధ్య గీత పల్చబడిపోయింది. మంచులో పూలు కోస్తుంటే పక్క చాల్లో ఎవరో వంగి ఉన్నట్టు అనిపించేది. పొగాకు వాసన వచ్చేది. "కాడ పొడుగ్గా కొయ్యే" అని వినిపించేది. తలెత్తితే మంచు, మంచులో వెదురు కర్రలు. కోడిజుట్టు పూల మీద చెయ్యి వేస్తే తడి మఖమలు తగిలి, అది తల్లి పాత శాలువా అంచు అనిపించేది. భయం వేసేది కాదు. మంచు ఇంకొంచెంసేపు ఉంటే బాగుండుననిపించేది.

అక్టోబరు చివర్లో అనురాధ తనే కారు వేసుకుని వచ్చింది. వచ్చీ రాగానే చెప్పులు విడిచి మడిలోకి దిగింది. బకెట్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క పువ్వునీ తిప్పి చూస్తూ, చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడడం ఆవిడ అలవాటు.

"ఈ చామంతి చీనా నుంచి జపాను వెళ్ళి రాజుగారి ముద్రలో కూర్చుంది. గ్లాడియోలస్‌ది ఆఫ్రికా. నీ గట్టు మీద బంతి ఉంది చూడు, అది మన పెళ్ళిళ్ళలో ఇంత పెత్తనం చేస్తుందా, దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడ కూడా నవంబరు రెండునే సమాధుల మీద పోస్తారట, చచ్చిపోయినవాళ్ళు ఆ రంగు చూసి, వాసన పట్టుకుని ఇంటి దారి తెలుసుకుంటారని."

రమణి చేతిలో కత్తెర ఆగింది. "గుర్తు పట్టడానికా మేడం?"

"ఆ, గుర్తు పట్టడానికే. మీ అమ్మగారి దాలియాదీ ఆ దేశమే. అక్కడి కొండల్లో మొదట దాని దుంప తినేవాళ్ళట. తెల్లవాళ్ళు కూడా తిండికి పనికొస్తుందేమోనని పట్టుకెళ్ళి, ఉడకబెట్టి, రుచి నచ్చక పూలకి వదిలేశారని చెబుతారు."

అరుగు మీద కూర్చున్న యర్రమ్మకి ఆ మాట వినబడింది. "అయితే నాను సేసినదే మొదట ఆల్లూ సేసారన్నమాట" అంది మెల్లిగా, ఎవరితోనూ కాకుండా. రమణి వినిపించుకోనట్టు మొహం తిప్పుకుంది.

వెళ్ళేముందు అనురాధ కారు వెనక నుంచి తడిగుడ్డ చుట్టిన ఒక కట్ట తీసింది. ఊటీ నుంచి తెప్పించిందట. విప్పితే దాలియాలు. ముదురెరుపు, పెద్దవి, లోటు లేనివి. "ఇంతకన్నా దగ్గర రంగు దొరకలేదు రమణీ. పండగ దాకా నీళ్ళలో ఉంచు."

రమణికి నిజంగానే కళ్ళు చెమర్చాయి. అనురాధ వెళ్ళాక పూలని గుమ్మం వెలుతురులోకి తెచ్చి చూసింది. అందమైన పూలే. కానీ మాగిన కాఫీ పండు కాదు, దోర పండు. ఇది పెడితే ఎవరికి తెలుస్తుంది? తమ్ముడికి తెలియదు. ఫాదరుగారికి అసలే తెలియదు. సోములమ్మకి ఒక్కదానికే తెలుస్తుంది. "ఇదేటే, ఎవరి పువ్వో నా మీద పెట్టేసావు" అంటుంది. రమణి పూలని నీళ్ళలో పెట్టి, వేరే దారి లేదని తనకి తనే చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ మనసు మరింత ముడుచుకుపోయింది.

అదే వారం ఊళ్ళో సామ కొత్త జరిగింది. చోడి నాట్లు అయ్యాక సామలు చల్లింది మొదలు అవి కోసేదాకా ఆ ఊళ్ళో ఎవరూ జాకరమ్మ తోపులో అడుగుపెట్టరు. పంట పెరిగే రోజుల్లో తల్లిని కదపకూడదు. సామలు ఇంటికి వచ్చాక తోపు తెరుస్తారు. యర్రమ్మ కొత్త సామలు, కోడిపిల్ల పట్టుకుని అందరితో పాటు వెళ్ళింది. వచ్చేటప్పుడు మాత్రం అందరికన్నా వెనక, ఒక్కతే వచ్చింది.

ఆ వేళ నుంచి ముసలిదాని తీరు మారిపోయింది. కొత్త సామల అన్నం ముందు పెట్టినా సగం వదిలేసింది. చుట్ట వెలిగించి, కాల్చకుండా వేళ్ళ మధ్యే ఆర్పేసింది. పొద్దున్నే తోపు వైపు నాలుగు అడుగులు వేయడం, వెనక్కి రావడం. రమణి వైపు చూడడం, నోరు తెరవడం, మూసుకోవడం. "అమ్మకేటో అయింది, ఆసుపత్రికి తీసుకెల్లాలేమో" అన్నాడు ధర్మ. రమణి కూడా గమనించింది. పండగ పనుల్లో పడి అడగలేదు. అడగాలంటే పిలవాలి మరి.

నవంబరు రెండు తెల్లవారింది. మంచు అంత దట్టంగా ఆ ఏడు ఎప్పుడూ లేదు. ధర్మ జీపు స్టార్టు చేసి కూర్చున్నాడు. రమణి తెల్ల చీర కట్టుకుని, ఊటీ పూల బకెట్టు పట్టుకుని గుమ్మం దిగింది. దారికి అడ్డంగా యర్రమ్మ నిలబడి ఉంది. స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, చేతిలో కొడవలి పట్టుకుని ఉంది.

"అది దింపు. నాతో రా" అంది.

రమణి మొగుడి వైపు చూసింది. "ఆలస్యమవుద్ది, మీ అమ్మకి సెప్పు."

"ఆడికి సెప్పక్కర్లేదు. నాతోనే సెప్పు, లేపోతే సెప్పకు. నడు బేగి."

ఆ గొంతులో ఏదో ఉంది. రమణి బకెట్టు దించింది.

ఇద్దరూ గట్టెక్కారు. మంచులో ముందు నడిచే ముసలిదాని వీపు ఒక్కటే కనిపిస్తోంది, అది కూడా కనిపించీ కనిపించనట్టు. కింద ఊరు లేదు, చర్చి లేదు, రైలు పట్టాలు లేవు. ఎక్కడో ఒక మేక గంట. తోపు లోపల నేలంతా మెత్తటి ఆకు, అడుగు చప్పుడు కూడా మింగేస్తోంది. పసుపు రాసిన రాళ్ళ దగ్గర యర్రమ్మ ఆగి పక్కకి తప్పుకుంది.

పెద్ద రాయి మొదట్లో, నాచుకీ రాయికీ మధ్య ఒక మొక్క నిలబడి ఉంది. దాని కొసన ఒక పువ్వు. ఒక్కటే. రేకుల నిండా మంచు పట్టి ఉంది. మంచు కింద ఆ రంగు, ఎరుపంటే ఎరుపు కాదు, నలుపంటే నలుపు కాదు.

రమణికి ముందు ఇది కూడా ఆ మంచులో కలే అనిపించింది. ఇంకాసేపట్లో పొగాకు వాసన వస్తుంది, "కాడ పొడుగ్గా కొయ్యే" అని వినిపిస్తుంది, తలెత్తితే వెదురు కర్రలుంటాయి. వంగి వేలితో తాకింది. చల్లగా తగిలింది. నీటిబొట్టు మణికట్టు మీదికి జారింది. కల అయితే జారదు కదా అనుకుని, అక్కడే కూర్చుండిపోయింది.

యర్రమ్మ కొంచెం దూరంలో నిలబడే చెప్పింది. "ఉడకేసే ముందర ఒక దుంప తల్లికి పెట్టాను. కొత్త దుంప గదా. తల్లికి పెట్టేది తల ఇరగని దుంప పెట్టాల. మంచిది ఏరి, తలతోటే, రాయి కింద కూసింత మట్టి తీసి పెట్టాను. మరి మరిసిపోయాను. తోపులోకి రాకూడదు గదా, సూడనూ లేదు. మొన్న కొత్తకి వత్తే ఇది నిలబడుంది."

"మొన్ననే చెప్పొచ్చు గదా" అంది రమణి. 

"ఎలా సెప్పనే. తల్లికి ఇచ్చింది మల్లీ తీసుకోకూడదు. నా అమ్మ తీసుకోలేదు, ఆల్లమ్మ తీసుకోలేదు. నీకు సెప్పి, కొయ్యొద్దని ఎలా అనను? కొయ్యమని మాత్రం ఎలా అనను? ఈ రెండ్రోజులూ నాకు కూడు దిగలేదు."

రమణి పువ్వు వైపు చూసింది. అడగాలని ఉంది. నోటి చివరే ఉంది ఆ మాట. కానీ ఈ రాళ్ళ ముందు ఈ ముసలిది ఎంత జీవితం వంగిందో ఆమెకి తెలుసు. పుట్టిన పిల్లలు చచ్చిపోతుంటే ధర్మని ఈ తల్లి దగ్గరే అడుక్కుని తెచ్చుకుంది. ఆ నియమం తప్పమని అడగడం తనవల్ల కాదు. లేచి నిలబడింది.

"ఉండనీ. బతికుంది, చూశాను. చాలు. వెళ్దాం" అంది. 

యర్రమ్మ కదలలేదు. రాయికి ఎదురుగా గొంతుక్కూర్చుంది. పక్కింటి మనిషితో గట్టు తగువు తేల్చుకుంటున్నట్టు, మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఇదిగో తల్లీ. నాను నీకిచ్చింది దుంప. ఆ దుంప నీ మట్టిలోనే ఉంది, నాను తవ్వను. మాకన్నా ముందే నీ వంతు నీకెట్టాను. పువ్వు నాను ఇయ్యలేదు. పువ్వు నువ్వు పూయించినావు. నీకు పువ్వులెందుకు, నీకు కోళ్ళు కావాల గానీ. మరి ఎవరి కోసం పూయించినావు? మా వదిన కోసమే గదా. తప్పయితే తప్పే. కోసేది నాను. ఈ గుంటకేటి సంబందం లేదు. కోపమొత్తే నా మీదికే రా, నా కొడుకు మీదికీ ఈ గుంట మీదికీ పోకు. ఇన్నావు గదా."

రమణి ఆపబోయింది. చెయ్యి చాచేలోపే యర్రమ్మ కొడవలి ఆనించి కోసేసింది. కాడ పొడుగ్గానే కోసింది. కోశాక కళ్ళు గట్టిగా మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయింది, దెబ్బ ఎటునుంచి పడుతుందోనని. తోపులో ఏమీ కదల్లేదు. చెట్ల మీది నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అప్పుడు కళ్ళు తెరిచి, పువ్వుని రమణికి ఇచ్చింది.

ఇద్దరూ కిందికి దిగారు. జీపు దగ్గరికి వచ్చాక యర్రమ్మ కూడా వెనక సీటు ఎక్కి కూర్చుంది. "నువ్వెక్కడికమ్మా?" అని ధర్మ తెల్లబోయాడు. "మా వదినకాడికి" అంది.

సమాధుల దొడ్డి కొండ వాలున, సిల్వర్ ఓక్ చెట్ల కింద ఉంది. సున్నాలు కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు మంచులో మెత్తగా వెలుగుతున్నాయి. ఎటు చూసినా బంతిపూలే. గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఆ పసుపంతటిలో సోములమ్మది ఏదో వెంటనే తెలియలేదు. దాని పక్కన నిలబడ్డ తమ్ముణ్ణి చూసి రమణి గుర్తుపట్టింది. వంగి, సిలువ మొదట్లో ఆ ఒక్క పువ్వు పెట్టింది. ఇప్పుడిక ఏ మూల నుంచి చూసినా ఆ సమాధి ఎవరిదో తెలుస్తుంది. రమణికి జూన్ నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆపుకోలేదు.

గేటు దగ్గర నిలబడిపోయిన యర్రమ్మ చెప్పులు విడిచి నెమ్మదిగా లోపలికొచ్చింది. ఆవిడకి మోకరించడం తెలియదు, సిలువ గుర్తు వేసుకోవడం తెలియదు. సమాధి పక్కన, అరుగు మీద కూర్చున్నట్టే గొంతుక్కూర్చుంది. రొంటి నుంచి చుట్ట తీసి, రెండు ముక్కలు చేసి, ఒక ముక్క పువ్వు పక్కన పెట్టింది.

"వదినా, నీ దుంపలు నానే తినేసాను" అంది. "తెలీక తిన్నాను. సప్పగున్నాయి. ఉప్పెక్కువేసినా బాగునేదు. ఈ గుంట నన్ను పిలవడం మానేసింది. దానిదేటీ తప్పు లేదు. నువ్వు బతికుంటే నువ్వూ తిట్టేదానివి. పువ్వు తెచ్చాను, సూసుకో."

యర్రమ్మ సమాధి మీదికి వంగింది.  తలమీది చెంగు జారిపోయి, మంచు నెరిసిన జుట్టు మీద చుక్కలు చుక్కలుగా నిలిచింది.

రమణి కళ్ళు తుడుచుకుని ఆవిడ పక్కన కూర్చుంది. తన భుజం మీది శాలువా తీసి ఆవిడ చుట్టూ కప్పింది.

"చలేస్తంది గదా అత్తా, మంచులో అలా తల తడుపుకుంటావేటి" అంది.

ముసలిది వెంటనే తలెత్తలేదు. సమాధి మీది పువ్వునే చూస్తూ, చెవి కొంచెం ఇటు వంచి, "ఏటన్నావు?" అంది.

ఆవిడకి చెవుడు లేదు. రమణికి ఆ సంగతి తెలుసు.

"అత్తా అన్నాను" అంది.